పక్కన ఆడమనిషి ఎవరున్నారు?

ఏ దేశం వైద్యానికి ఎంత ఖర్చు పెడుతోంది, అక్కడి జనం ఎన్నేళ్లు బతుకుతున్నారు అని పోల్చే పట్టిక ఒకటి ఏటా పత్రికల్లో వస్తుంది. 2022 లెక్కల్లో అమెరికా తన జీడీపీలో 16.6 శాతం వైద్యం మీద పెట్టింది. జర్మనీ 12.7, జపాన్ 11.5, బ్రిటన్ 11.3. అంత పెట్టిన అమెరికాలో 2021 నాటి సగటు ఆయుర్దాయం 76.4 ఏళ్లు, జపాన్‌లో 84.5. ఈ పట్టిక చూపించి ఒకరు బీమా కంపెనీల్ని తిడతారు, ఇంకొకరు సర్కారు ఆసుపత్రుల్ని తిడతారు. మా భవానీపురంలో సాయంత్రంపూట అపార్ట్‌మెంట్ల కింద కుర్చీలు వేసుకుని కూర్చునే రిటైరైన పెద్దమనుషులు చేసే చర్చా ఇదే. సగం మంది పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు గనక ఈ సంగతి తమకే బాగా తెలుసనుకుంటారు. "వైద్యమంటే అమెరికాదేనమ్మాయ్" అంటారొకాయన. "అక్కడ పన్ను నొప్పి వస్తే ఇండియాకి టిక్కెట్టు కొనుక్కోవడమే చవక" అంటారు ఇంకొకాయన. ఆ వేళకి వాళ్ల భార్యలు పైన వంటింట్లో ఉంటారు. భోజనానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర ఏదో, తర్వాత వేసుకోవాల్సినది ఏదో వాళ్లకే తెలుసు.

నా తగువు ఆ పెద్దమనుషులతో కాదు, మనతో. స్త్రీల ఆరోగ్యం గురించి మనం తక్కువేం రాయలేదు. ప్రసవం మీద, బహిష్టు మీద, గర్భసంచి మీద మన కవులు రాసినంత నిర్భయంగా ఇంకే భారతీయ భాషలో రాశారో నాకు తెలియదు. సెమినార్లలో దేహరాజకీయాల గురించి రోజంతా మాట్లాడగలం. కానీ ఆ దేహం మీద ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏ పనికి పెడుతున్నారు, ఏ పనికి పైసా పెట్టకుండా తప్పించుకుంటున్నారు అనే ప్రశ్న వచ్చేసరికి, అది ఆర్థికవేత్తల పని అని పక్కకి జరుగుతాం. బడ్జెట్ పుస్తకం మగవాళ్ల పుస్తకంలాగే ఉండిపోయింది. బోస్టన్ స్త్రీల 'అవర్ బాడీస్ అవర్‌సెల్వ్స్' దారిలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నుంచి 'సవాలక్ష సందేహాలు' వచ్చినప్పుడు స్త్రీలు తమ శరీరం గురించి తామే తెలుసుకోవాలన్న పట్టుదల కనపడింది. అంతకు చాలా ముందే ఈ విజయవాడలోనే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రాక్టీసు చేస్తూ, ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాశారు. 1957లో ఈ ఊరి నుంచే లోక్‌సభకి వెళ్లారు. పురుడు పోసిన చేత్తో చట్టసభలో కూర్చోవడం ఆవిడకి వేరు వేరు పనులుగా తోచలేదు. ఆ రెండు పనుల్నీ విడదీసింది మనమే.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. లెక్కలు నాకు అన్నం పెట్టే విద్య కాదు. కానీ జాతీయ ఆరోగ్య ఖాతాల నివేదికని నాకు వచ్చిన పద్ధతిలోనే చదివాను, ఒక వాచకాన్ని చదివినట్టు. అందులో ఏముందో చూశాక, ఏం లేదో వెతికాను. 2021-22లో మన దేశం మొత్తం వైద్య వ్యయం జీడీపీలో 3.83 శాతం. ప్రభుత్వాలు పెట్టింది 1.84 శాతం. మొత్తం వ్యయంలో జనం నేరుగా జేబులోంచి తీసింది 39.4 శాతం. 2013-14లో ఇది 64.2 ఉండేది, తగ్గిందని ప్రభుత్వం చెప్పుకుంటోంది. ఉన్నదేమిటో ఇది. లేనిదేమిటంటే, ఇంట్లో జీతం లేకుండా రోగికి చేసే సేవ. ఓఈసీడీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూరోస్టాట్ కలిసి తయారుచేసిన 2011 నాటి పద్ధతినే మన దేశమూ పాటిస్తోంది. దాని ప్రకారం ఇంటి మనిషి చేసే సేవ వైద్య వ్యయం కాదు. ప్రభుత్వం ఆ మనిషికి భత్యం ఏదైనా ఇస్తే మాత్రం ఆ భత్యం లెక్కలోకి వస్తుంది. అంటే పని ఉందా లేదా అన్నది కాదు ఆ పద్దులో ప్రశ్న, డబ్బు చేతులు మారిందా లేదా అన్నదే. మారిలిన్ వేరింగ్ 1988లోనే ఈ సంగతి ఎత్తి చూపించింది. మనం ఆవిడ పేరు ఉటంకించడం నేర్చుకున్నాం గానీ, మన రాష్ట్రం పద్దులు తెరిచి చూడలేదు.

ఈ గైర్హాజరు ఎంత పెద్దదో నాకు 2022లో తెలిసింది. మా నాన్నకి పక్షవాతం వచ్చి నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. గదికి మార్చిన రోజు నర్సు వచ్చి, ఫైలు చూస్తూ అడిగిన మొదటి మాట: "పక్కన ఆడమనిషి ఎవరున్నారు?" మా తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఆరోగ్యంగా ఉన్నాడు. ఆ ప్రశ్న అతన్ని దాటుకుని నా దగ్గరికీ అమ్మ దగ్గరికీ వచ్చింది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. రాత్రి షిఫ్టులో ఆమె ఒక్కతే ఎన్ని గదులు చూసుకుంటోందో నేను పదకొండు రోజులు చూశాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, గొట్టంలోంచి గంజి పోయడం, బెడ్‌పాన్ పెట్టడం తియ్యడం, ఒళ్లు తుడవడం, అన్నీ మేమే చేశాం. బిల్లులో రోజుకింత చొప్పున నర్సింగ్ ఛార్జీలు మాత్రం పడ్డాయి. ఆసుపత్రి తక్కువ మంది నర్సుల్ని పెట్టుకుని, ఆ తేడాని మా అమ్మ చేతుల్లోంచి రాబట్టుకుంది. అదే సంవత్సరం జాతీయ లెక్కల్లో ఆ బిల్లు "వ్యయం"గా నమోదై ఉంటుంది, మేము చెయ్యని ఖర్చు వాళ్లు చేసినట్టుగా.

తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో. అరవై మూడేళ్ల మనిషి డెబ్భై అయిదు కిలోల మనిషిని రోజుకి ఎన్నిసార్లు లేపి కూర్చోబెట్టిందో ఎవరు లెక్కపెట్టారు? చివరికి అమ్మ మోకాళ్లు పోయాయి. ఆ మోకాళ్ల స్కానూ, మందులూ మాత్రం వైద్య వ్యయంలోకి చక్కగా వచ్చేశాయి. సేవ చేసినంత కాలం లేని మనిషి, సేవ చేసి చేసి పాడయ్యాక పద్దులో ప్రత్యక్షమవుతుంది! కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ల బాగోగులు చూసుకునే పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి 137 నిమిషాలు వెచ్చించారు, మగవాళ్లు 75. ఇంటిపని వేరే, అది 289, 88. నిమిషాలు లెక్కపెట్టే శాఖా ప్రభుత్వానిదే, రూపాయలు లెక్కపెట్టే శాఖా ప్రభుత్వానిదే. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే లేరు.

అమెరికా సంగతికొద్దాం, ఎలాగూ మన ఇళ్లలో అది తప్పదు కాబట్టి. అక్కడి ఖర్చంతా వృథా అనీ, ఆశ అనీ తేల్చేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించేది ఆ వ్యవస్థ ఎలా కట్టారన్నది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో జీతాల మీద నియంత్రణ పెట్టారు. జీతం పెంచే వీల్లేక కంపెనీలు ఆరోగ్య బీమా ఆశచూపి పనివాళ్లని తెచ్చుకున్నాయి. 1954లో దానికి పన్ను మినహాయింపు స్థిరపడింది. అలా వైద్యం ఉద్యోగానికి ముడిపడింది. ఉద్యోగం అప్పట్లో ఎవరిది? మగవాడిది. ఆడదానికి వైద్యం మొగుడి కొలువు ద్వారా వచ్చింది. ఈ ముడి డెబ్భై ఏళ్ల తర్వాత మన కృష్ణాజిల్లా పిల్లల మెడకి ఎలా చుట్టుకుందో చూడండి. హెచ్-4 వీసా మీద వెళ్లిన అమ్మాయికి ఉండే హక్కూ, పనిచేసే అనుమతీ, డాక్టర్ దగ్గరికి వెళ్లే కార్డూ, మూడూ భర్త ఉద్యోగంలోంచే రావాలి. 2015లో కొందరికి పనిచేసే వీలు ఇచ్చారు గానీ అందరికీ కాదు. మా పెదనాన్న కూతురు ఒకతె ఏడేళ్లు అలా ఉంది. కొట్టే మొగుణ్ణి వదిలి రావడానికి భయమెందుకని అడిగితే, పోలీసుల గురించి కాదు, పిల్లాడి ఇన్‌హేలర్ గురించి చెప్పింది. బీమా పోతే దాని ధర తను పెట్టుకోలేదు. వాడి ఊపిరి కోసం ఆమె దెబ్బలు తినాలి. జీడీపీలో 16.6 శాతం ఖర్చు చేసే దేశం ఇది.

సంస్కరణ తెచ్చినప్పుడైనా ఏం చేశారు? 2010 చట్టానికి ముందు, సొంతంగా బీమా కొనుక్కునే స్త్రీ దగ్గర మగవాడి కంటే ఎక్కువ ప్రీమియం గుంజేవారు. ఆ పాలసీల్లో చాలావాటికి కాన్పు ఖర్చు వర్తించేది కాదు. అంతకు ముందు సిజేరియన్ అయి ఉంటే దాన్ని పాత జబ్బు కింద జమకట్టి పాలసీ నిరాకరించిన సందర్భాలున్నాయి. ఒబామా చట్టం వీటిని ఆపింది, కాదనను. కానీ ఆ చట్టం గట్టెక్కడానికి ఓట్లు కావాల్సి వచ్చినప్పుడు బేరానికి పెట్టింది దేన్ని? 2009 నవంబరులో ప్రతినిధుల సభలో అబార్షన్ ఖర్చుని మినహాయించే సవరణ నెగ్గింది. చివరికి 2010 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ మినహాయింపుకి హామీ ఇచ్చి చట్టాన్ని దక్కించుకున్నారు. అందరి ఆరోగ్యం కోసం అని పేరు పెట్టుకున్న సంస్కరణకి రుసుముగా చెల్లించింది స్త్రీల నిర్ణయాధికారాన్ని. 2023లో అక్కడ లక్ష ప్రసవాలకి 18.6 మంది తల్లులు చనిపోయారు, నల్లజాతి స్త్రీలలో 50.3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 లెక్క 45. లెక్కగట్టే పద్ధతులు వేరు గనక తక్కెట్లో పెట్టి తూచను. అయినా, ప్రపంచంలో కెల్లా ఖరీదైన వైద్యం ఉన్నచోట నల్లజాతి బాలింత బతుకు మన అవనిగడ్డ బాలింత బతుకుకి అంత దగ్గరగా ఎందుకుందో అపార్ట్‌మెంట్ పెద్దమనుషులు చెప్పాలి.

ఇక మన దగ్గర. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతా వచ్చింది. గుండెకి చిల్లుపడ్డ పిల్లల్ని బతికించింది. అప్పుచేసి ఇల్లమ్ముకోకుండా ఎన్నో కుటుంబాల్ని కాపాడింది. దాన్ని తిట్టి నాలుగు మంచి మాటలు పోగొట్టుకోవాలని నాకు లేదు. కానీ ఆ పథకం బ్రిటన్ నినాదాన్నీ అమెరికా యంత్రాన్నీ కలిపి కుట్టింది. అందరికీ ఉచిత వైద్యం అన్నది నినాదం. చేసిన ఒక్కో ఆపరేషన్‌కీ ఒక్కో ప్యాకేజీ రేటు అన్నది యంత్రం. డాక్టర్ రోగితో అరగంట మాట్లాడితే రేటు లేదు. మందులిచ్చి మూడు నెలలు ఆగి చూద్దాం అంటే రేటు లేదు. కోస్తే ఉంది. కోతకి మాత్రమే డబ్బు వచ్చే చోట ఏది కోస్తారు? కోసినా మనిషి చచ్చిపోనిదీ, కోయించుకోవడానికి ఒప్పుకునేవాళ్లు దొరికేదీ, పిల్లలు పుట్టాక ఇంట్లో ఎవరికీ అవసరం లేదనుకునేదీ కోస్తారు.

ఆ 2007 జనవరిలోనే బ్రిటన్‌లో నైస్ సంస్థ అధిక రక్తస్రావానికి వైద్యం ఎలా చెయ్యాలో మార్గదర్శకాలు ఇచ్చింది. కేవలం అధిక రక్తస్రావం ఒక్కటే కారణమైతే గర్భసంచి తీసెయ్యడం మొదటి వైద్యం కాకూడదన్నది అందులో ఒకటి. ముందు హార్మోన్ ఉన్న లూప్, తర్వాత మందులు, ఆ తర్వాతే కత్తి. అదే మూణ్ణెల్లలో ఇక్కడ మొదలైన పథకం జాబితాలో గర్భసంచి తొలగింపుకి ప్యాకేజీ ఉంది. విమర్శలు వచ్చాక కొన్నేళ్లకి దాన్ని ప్రైవేటు ఆసుపత్రులకి తీసేసి ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. అప్పటికే దారి పడిపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశమంతటా 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. 2019-21 సర్వేలో దేశం 3.3, మనం 8.7. తెలంగాణ 7.7 నుంచి 8.2కి పెరిగింది. పథకం తన జాబితాని సవరించుకుంది గానీ, సూర్యారావుపేట వీధుల్లో నర్సింగ్ హోముల బోర్డులేవీ తగ్గలేదు. పథకం డబ్బు ఇవ్వనిచోట డ్వాక్రా అప్పు ఇచ్చింది.

మా మేనత్త కూతురు, నాకు వదినవుతుంది, దివిసీమలో ఉంటుంది. 2011లో ఆవిడకి ముప్పై మూడేళ్లు. ఇరవై రెండేళ్లకే ఇద్దరు పిల్లలు పుట్టి, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. నాట్లప్పుడు నీళ్లల్లో రోజంతా వంగి ఉండేది. తెల్లబట్ట, నడుంనొప్పి, నెలకి పదేసి రోజులు బ్లీడింగు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకాయన పట్నంలో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్లాడు. స్కాన్ తీశారు. పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు. పరీక్షకి ముక్క తీసి పంపడం లాంటిదేమీ జరగలేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకూ అది" అన్నాడట డాక్టర్. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వింది కూడా. అండాశయాలు కూడా తీశారో లేదో ఆవిడకి ఇప్పటికీ తెలియదు, కాగితాల మీద ఉన్న ఇంగ్లీషు నాకు చూపించే నాటికి సగం చెరిగిపోయింది. అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పులు అప్పట్నుంచీ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత బరువులు ఎత్తొద్దన్నారు గనక ఇంటిపని చెయ్యడానికి పెద్దపిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ మానేసింది. మళ్లీ చేరలేదు. ఒక గర్భసంచీ, ఒక అమ్మాయి చదువూ. ఈ రెండిట్లో మొదటిదాని రేటు బిల్లు మీద ఉంది.

ఆడవాళ్లే వచ్చి తీసేయమని అడుగుతున్నారండీ, మేమేం చెయ్యం అని చెప్పే డాక్టర్లున్నారు. అడుగుతారు. బహిష్టు రోజుల్లో కూలి పోతుంది, పొలాల్లో మరుగుదొడ్డి లేదు, ప్రతి నెలా డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి డబ్బు లేదు. ఒక్కసారి అప్పు చేసి ఒక్కసారే వదిలించుకోవడం ఆ లెక్కలో తెలివైన పనే. ఎంచుకునే స్వేచ్ఛ అని దీనికి పేరు పెట్టడం మాత్రం మనం ఒప్పుకోకూడదు. మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయింది, అదీ చాలామందికి పాతికేళ్లు నిండకుండానే. మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. 2019-21లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. నార్వేలో అది 20 లోపే. కాన్పుకి కోత, పిల్లలు చాలనుకుంటే కోత, ముప్పై దాటితే కోత. అవన్నీ కలిపితే తెలుగుదేశంలో స్త్రీ శరీరం ఆదాయ వనరు. ఫానీ లూ హేమర్ 1961లో మిసిసిపీలో గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళితే, ఆమెని అడగకుండానే గర్భసంచి తీసేశారు. ఆవిడ అది చెప్పి, పౌరహక్కుల ఉద్యమంలో ఒక ప్రశ్నగా నిలబెట్టింది. మన ఊళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కువమంది దళిత, బహుజన కూలి స్త్రీలు. వాళ్ల కథని మనం కవితావస్తువుగా తీసుకున్నాం గానీ అభియోగంగా తయారుచెయ్యలేదు.

బ్రిటన్‌ని స్వర్గంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. 1948 జులై 5న అన్యూరిన్ బెవన్ మొదలుపెట్టిన ఆ వ్యవస్థలో 2023 సెప్టెంబరు నాటికి ఇంగ్లండులో 77 లక్షలకి పైగా కేసులు నిరీక్షణ జాబితాలో ఉన్నాయి. గైనకాలజీ క్యూ మరీ పొడుగు. బ్రిటన్ నర్సుల్ని మన దేశం నుంచీ పట్టుకుపోతుంది. అయినా ఒక్క తేడా ముఖ్యం. అక్కడ వీధి డాక్టర్‌కి ప్రధానంగా డబ్బు వచ్చేది తన దగ్గర నమోదైన మనుషుల్ని బట్టి, చేసిన కోతల్ని బట్టి కాదు. గర్భసంచి ఉంచినా తీసినా ఆయన ఆదాయం మారదు. వదిన లాంటి మనిషికి కావాల్సింది అంతే, తన శరీరంలో లాభం లేని డాక్టర్.

బాగోగులు చూసే పని మాత్రం బ్రిటన్ కూడా ఇళ్లలోకే తోసింది. దీని మీద నేరుగా తగువు పెట్టుకున్న దేశం, నాకు తెలిసినంతలో, జపాన్. అక్కడా మంచం పట్టిన అత్తామామల్ని చూసుకోవడం కోడలి ధర్మం. 1990లలో దీర్ఘకాల సేవా బీమా తేవాలని చర్చ వచ్చినప్పుడు, ఇంట్లో సేవ చేసేవాళ్లకి నెలకింత నగదు ఇస్తే పోతుంది కదా అని ఒక ప్రతిపాదన ఉంది. మనవాళ్లయితే పథకానికి ఒక అమ్మ పేరు పెట్టి, బటన్ నొక్కి, సభ పెట్టేవాళ్లు. హిగుచి కెయికో నాయకత్వంలోని స్త్రీల సంఘం దాన్ని వ్యతిరేకించింది. చేతిలో డబ్బు పెడితే కోడలు ఇక ఎప్పటికీ ఆ మంచం పక్కనే ఉండిపోతుంది, మాకు కావాల్సింది నగదు కాదు, మనుషులు అని వాదించారు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన పథకంలో నగదు లేదు. ఇంటికొచ్చి స్నానం చేయించే మనిషి, పగలు ముసలివాళ్లని తీసుకెళ్లే కేంద్రం, ఇలా సేవలే ఉన్నాయి. నలభై దాటిన ప్రతివాళ్లూ దానికి చందా కడతారు. 1995లో జర్మనీ తెచ్చిన పథకంలో నగదో సేవో ఎంచుకోమన్నారు, తొలి ఏళ్లలో ఎక్కువ కుటుంబాలు నగదే ఎంచుకున్నాయి, సేవ ఇంటి ఆడవాళ్లే చేశారు. జపాన్‌లో కూడా ఆ ఇంటికొచ్చే మనిషి తక్కువ జీతానికి పనిచేసే ఇంకో స్త్రీయే, ఆ తగువు ఇంకా నడుస్తోంది. కానీ ఆ తగువు బహిరంగంగా, చట్టం రాసే బల్ల దగ్గర జరిగింది. మన దగ్గర "పక్కన ఆడమనిషి ఎవరున్నారు" అన్న ప్రశ్న ఏ బల్ల దగ్గరికీ చేరనే లేదు.

ఆశా కార్యకర్తల సంగతీ ఇంతే. గర్భిణుల్ని వెతికి పట్టుకుని, కాన్పుకి తీసుకెళ్లి, టీకాలు వేయించి, కోవిడ్‌లో ఇంటింటికీ తిరిగిన స్త్రీలు కాగితం మీద వాలంటీర్లు. 2019లో రాష్ట్రప్రభుత్వం వాళ్ల గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలు చేసింది. గౌరవం అన్న మాట ఎందుకంటే జీతం అంటే చట్టం అడ్డొస్తుంది కాబట్టి. ఊరందరి పురుళ్లూ చూసే ఆ స్త్రీలకి ఆంధ్రప్రదేశ్‌లో 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తామని ప్రకటించింది 2025 మార్చిలో. పథకం పేరు మాత్రం ఈలోపు ఎన్టీఆర్ అయింది, వైఎస్సార్ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పేర్లు మార్చడానికి పెట్టిన రంగుల ఖర్చు ఏ పద్దులో ఉందో నేను వెతకలేదు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం, 2.5 లక్షల రూపాయల దాకా వైద్యాన్ని బీమా కంపెనీల ద్వారా నడిపే పద్ధతికి ఆమోదం తెలిపింది. ఆపై నెలలోనే బకాయిలు చెల్లించలేదని అనుబంధ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. పత్రికల్లో చర్చంతా ట్రస్టా, బీమానా అన్న దాని మీదే జరిగింది. డబ్బు ఏ గొట్టంలోంచి వస్తుందన్నది చర్చ. అది ఏ పనికి వెళుతుంది, కోత మీద కాకుండా మందు మీద, మాట మీద, సేవ మీద పెడతారా అని అడిగిన స్త్రీ ఒక్కతీ నాకు ఆ చర్చల్లో కనపడలేదు. టీవీల వాళ్లు పిలవలేదు నిజమే. మనం పిలవకుండా వెళ్లిన చోట్లు చాలా ఉన్నాయి.

నాకు కావాల్సినవి కొత్తవేం కావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలజీతం తీసుకునే స్త్రీ వైద్యురాలు, బీమా కాదు పన్నుల డబ్బుతో. ఆశాకి జీతం అనే పేరుతోనే జీతం. మంచం పట్టినవాళ్లున్న ఇంటికి నగదు బదులు మనిషి. ఇవన్నీ ఖర్చు పెంచేవే. పెరగనివ్వండి, ఇన్నాళ్లూ ఆ ఖర్చు లేనట్టు కనపడింది మా అమ్మ మోకాళ్ల పుణ్యమే.

ఈలోగా చెయ్యగలిగిన పని ఒకటుంది. అనవసరంగా గర్భసంచులు తీసెయ్యడం మీద 2013లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. కేంద్రం 2022లో చేసిన మార్గదర్శకాల్ని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచెయ్యాలంది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలుండాలి. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల వైద్యాధికారులిద్దరికీ సమాచార హక్కు చట్టం కింద అడగాల్సినవి ఇవి: కమిటీ ఎప్పుడు వేశారు, ఇప్పటికి ఎన్నిసార్లు కూర్చుంది, అందులో స్త్రీలెందరు, 2023 నుంచి జిల్లాలో నలభై ఏళ్లలోపు స్త్రీలకి ఎన్ని గర్భసంచులు తీశారు, ప్రభుత్వంలో ఎన్ని, ప్రైవేటులో ఎన్ని, తీసిన భాగాన్ని పరీక్షకి పంపినవి ఎన్ని. ఒక్కరం అడిగితే ఫైల్లో పెట్టేస్తారు. యాభై మందిమి, మన పేర్లతో, మన కాలేజీల చిరునామాలతో అడగాలి. నమూనా దరఖాస్తు నా దగ్గర తెలుగులో ఉంది, పత్రిక చిరునామాకి రాసినవాళ్లకి పంపుతాను.